కడలి అడుగును చదివిన ఆచార్యుడు

తెలుగునాట కొన్ని తరాల పిల్లలు అక్షరాలు దిద్దినది మార్కాపురం పలకల మీద. మార్కాపురం, కంభం, గిద్దలూరు పరిసరాలలో నల్లమల కొండలకు తూర్పుగా పరచుకొన్న నేలలో ఆ పలకరాయి పుడుతుంది. గనికూలీ ఉలి ఆనించి సుత్తితో మెల్లగా తట్టగానే రాయి రేకులు రేకులుగా విడిపోతుంది. నేడు సముద్రానికి సుమారు వంద కిలోమీటర్ల దూరాన ఉన్న ఆ నేల ఒకనాడు కడలి అడుగున ఉండేది. వంద కోట్ల సంవత్సరాలకు పూర్వమే అక్కడ నీటి అడుగున పేరుకొన్న మెత్తని బురద, పై పొరల బరువుకు గట్టిపడి, భూమి ఒత్తిడికి నలిగి, చివరకు పలకరాయిగా మారింది. భారత భూగర్భ పరిశోధన సంస్థకు చెందిన విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలాశ్రేణులను గూర్చి ప్రకటించిన గ్రంథంలో ఈ రాళ్లకు కంభం పేరే పెట్టాడు. తెలుగు బాలుడు తన మొదటి అక్షరాన్ని సముద్రపు అడుగు మీద వ్రాశాడని చెప్పినా అతిశయోక్తి కాదు.

బురద రాయిగా మారిన కథను కొండలలో చదవవచ్చు. సుత్తి, భూతద్దం, ఓపిక ఉంటే చాలు. కాని నేటి సముద్రపు అడుగున ఈ క్షణంలో పేరుకొంటున్న బురదను చదివేదెట్లా? దాని మీద వందల అడుగుల నీరు ఉన్నది. వెలుతురు అంత లోతుకు చేరదు. గోదావరి, కృష్ణ ఏటా తెచ్చి కడలిలో పోస్తున్న మట్టి ఎక్కడికి పోతున్నది, ఎక్కడ ఆగుతున్నది, దాని కింద ఏమున్నది అనే ప్రశ్నలకు ఇరవయ్యో శతాబ్ది నడిమి వరకు తెలుగు తీరంలో సమాధానం చెప్పగలవారు లేరు. ఆ ప్రశ్నలను చేపట్టి, తన శిష్యులను సముద్రం మీదికి నడిపించిన మహనీయుడు ఆంధ్ర విశ్వవిద్యాలయ భూగర్భశాస్త్ర విభాగాధిపతి ఆచార్య సి. మహదేవన్.

మహదేవన్ 1901 మే 6వ తేదీన జన్మించారు. మద్రాసులో చదువుకొని, పరిశోధన మీది మక్కువతో కలకత్తా చేరుకొన్నారు. ఆ రోజులలో కలకత్తాలోని భారత వైజ్ఞానిక సంవర్ధక సంఘంలో సర్ సి.వి. రామన్ పరిశోధనలు సాగిస్తున్నారు. దేశం నలుమూలల నుండి యువకులు ఆ ప్రయోగశాలకు చేరుతున్న కాలమది. అక్కడ ఖరీదైన యంత్రాలు తక్కువ. చూచే కన్ను, ప్రశ్నించే బుద్ధి ఎక్కువ. కాంతి ద్రవాలలో చెదిరే తీరును పలువురు పరిశీలిస్తుండగా, మహదేవన్ తన దృష్టిని రాళ్ల మీదికి, ఖనిజాల మీదికి మళ్లించారు.

ఆ పరిశోధనలలో ఒకటి ఎంతో ముచ్చటైనది. కార్డియరైట్ అనే ఖనిజాన్ని పలుచగా అరగదీసి సూక్ష్మదర్శినిలో చూస్తే, అక్కడక్కడ కంటికి ఆనని రంగు వలయాలు కనిపిస్తాయి. ఆ వలయం నడుమ రేడియోధార్మిక ఖనిజపు రేణువు ఒకటి చిక్కుకొని ఉంటుంది. కోట్ల ఏళ్లుగా ఆ రేణువు వెదజల్లిన కిరణాలు చుట్టూ ఉన్న ఖనిజానికి రంగు పులుముతూ వచ్చాయి. ఆ వలయాలను గూర్చి మహదేవన్ 1927లో వ్యాసం ప్రకటించారు. తరువాత ఎక్స్ కిరణాలను బొగ్గులోనికి పంపి, పైకి ఒకే నలుపుగా కనిపించే బొగ్గులోని వేర్వేరు పొరల నిర్మాణాన్ని పరిశీలించారు. కంటికి కనబడని దానిని కనబడే గుర్తుతో పట్టుకోవడం, పదార్థంలోనికి ఒక కిరణాన్ని పంపి అది తిరిగి తెచ్చిన వార్తను చదవడం వారికి ఆ ప్రయోగశాలలోనే అలవడినాయి. పాతికేళ్ల తరువాత సముద్రం ముందు నిలిచినప్పుడు వారికి అక్కరకు వచ్చినదీ ఆ విద్యయే.

కలకత్తా నుండి మహదేవన్ హైదరాబాదు వచ్చారు. నిజాం ప్రభుత్వపు భూగర్భ సర్వేలో ఉద్యోగిగా చేరి, రాయచూరు, గుల్బర్గా ప్రాంతాలలో నేలను కొలిచారు. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో గాజుపలకల నడుమ రాతి ముక్కలను చూచిన పరిశోధకుడు ఇప్పుడు ఎండలో, బండల మీద నడిచాడు. సురపురం తాలూకాలోని శిలలపై వారి విపులమైన నివేదిక 1947లో హైదరాబాదు సర్వే పత్రికలో వెలువడింది. అక్కడి భీమా శిలాశ్రేణి వారికి ప్రీతిపాత్రమైన విషయం. తెలంగాణ ఇండ్లలో నేలకు పరచే షాబాదు బండలు ఆ శ్రేణిలోనివే. అవీ ఒకనాటి సముద్రపు అడుగే. లోతు తక్కువైన ప్రాచీన సముద్రంలో సున్నపు బురద పొర మీద పొరగా పేరుకొని బండగా మారింది. ఆ పొరల వరుసను, మందాన్ని, వాలును మహదేవన్ ఓపికగా నమోదు చేశారు. ఎండిపోయిన సముద్రాన్ని చదివిన తరువాతనే వారు నీరున్న సముద్రం వద్దకు వచ్చారు.

1926లో బెజవాడలో ఆరంభమై, 1930లో వాల్తేరుకు తరలిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర విభాగం 1941లో ఏర్పడింది. అది రెండవ ప్రపంచ యుద్ధకాలం. తూర్పుతీరానికి జపాను దాడి భయం కలుగగా విశ్వవిద్యాలయాన్ని కొంతకాలం గుంటూరుకు తరలించవలసి వచ్చింది. అటువంటి రోజులలో పుట్టిన పసి విభాగానికి మహదేవన్ 1940 దశకం నడుమ సారథ్యం వహించారు. అప్పటికి వారి వయస్సు నలుబది దాటింది. స్థిరమైన కీర్తి ఉన్నది. 1934లో రామన్ బెంగుళూరులో నెలకొల్పిన విజ్ఞానశాస్త్రాల అకాడమీలో ఫెలో అనే గౌరవం ఉన్నది. తాను ఎరిగిన ఖనిజాలనే చదువుతూ శేషజీవితం గడపడానికి వారికి ఏ అడ్డంకీ లేదు. కాని వాల్తేరు మెరక మీద నిలిచి చూస్తే ఎదురుగా కనిపించేది సముద్రమే. ఆ సముద్రాన్ని గూర్చి శాస్త్రానికి తెలిసినది చాల స్వల్పం.

వారు మొదట తీరపు ఇసుకతో ప్రారంభించారు. విశాఖ సముద్రతీరంలో అక్కడక్కడ నల్లని ఇసుక మేటలు వేస్తుంది. చూచేవారికి అది మురికిగా తోస్తుంది. కాని ఆ నలుపు ఇల్మనైట్‌ది. దానిలోని ఎరుపు గార్నెట్‌ది. తూర్పు కనుమలలోని ఖోండలైటు వంటి రాళ్లు ఎండకు, వానకు శిథిలమై, ఏరులలో కొట్టుకొని వచ్చి, అలల చేత జల్లెడ పట్టబడి, బరువైన రేణువులు ఒక చోట చేరడం వలన ఆ నల్లని మేటలు ఏర్పడుతున్నాయి. విశాఖ జిల్లా తీరపు ఇసుకలో మోనజైటు ఉనికిని గూర్చి మహదేవన్, శ్రీరామదాసు కలిసి 1948లో వ్యాసం ప్రకటించారు. మోనజైటులో థోరియం ఉంటుంది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి సంవత్సరం, దేశం అణుశక్తి దారి వెదకుతున్న తరుణంలో, ఆ చిరు రేణువుకు ఎంత విలువ ఉండేదో ఊహింపవచ్చు.

ఒడ్డున ఉన్న ఇసుకను దోసిటితో ఎత్తవచ్చు. నీటి కింద ఉన్నదానికి ఓడ కావాలి, పరికరాలు కావాలి, సముద్రం ఎరిగిన సహాధ్యాయి కావాలి. విశ్వవిద్యాలయానికి వీటిలో ఏదీ లేదు. 1952లో అమెరికాకు చెందిన సముద్రశాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్ సందర్శకాచార్యుడుగా వాల్తేరు వచ్చాడు. 1955లో ఆయన మరల వచ్చాడు. భారత నౌకాదళం తన ఓడలలో పరిశోధకులకు చోటిచ్చింది. యుద్ధ అవసరాలకు కట్టిన ఆ ఓడల మీద నుండి విద్యార్థులు బంగాళాఖాతపు నీటి ఉష్ణోగ్రతను, లవణీయతను కొలిచారు. అడుగున ఉన్న ఇసుకను, బురదను పైకి తీశారు. ఓడ నౌకాదళానిది, కొన్ని పరికరాలు విదేశాలవి, శ్రమ తెలుగు విద్యార్థులది. మూడింటినీ ఒక లక్ష్యానికి కూర్చిన ఘనత నాటి విశ్వవిద్యాలయానిది, దాని ఆచార్యులది.

లోతును కొలవడానికి వారికి ప్రధాన సాధనం ధ్వని. పూర్వం నావికులు సీసపు గుండు కట్టిన తాడును నీటిలోనికి వదలి లోతు తెలుసుకొనేవారు. ప్రతిధ్వని యంత్రం వచ్చిన తరువాత ఆ పని శబ్దం చేయసాగింది. ఓడ అడుగు నుండి ఒక చిన్న శబ్దాన్ని కిందికి పంపితే, అది సముద్రపు అడుగును తాకి తిరిగి వస్తుంది. సముద్రజలంలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు ప్రయాణిస్తుంది. పంపిన రెండు సెకనులకు ప్రతిధ్వని వినబడితే, పోవడానికి ఒక సెకను, రావడానికి ఒక సెకను. కనుక లోతు 1500 మీటర్లు. ఓడ ముందుకు సాగుతున్న కొలది కాగితం మీద ఒక గీత పడుతూ పోతుంది. ఆ గీతయే సముద్రపు అడుగు రూపురేఖ. గుడ్డివాడు కర్ర తాటించుకొంటూ దారి తెలుసుకొన్నట్లు, ఓడ శబ్దాన్ని తాటించుకొంటూ అడుగును తెలుసుకొంటుంది.

ఈ పరిశోధనల ఫలితాలు 1954లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రచురించిన సముద్రశాస్త్ర సంపుటిలో వెలువడినాయి. తూర్పు తీరానికి ఎదురుగా సముద్రపు అడుగున ఉన్న అవక్షేపాలను గూర్చి మహదేవన్, పూర్ణచంద్రరావు వ్రాసిన దీర్ఘవ్యాసం అందులో ప్రధానమైనది. సముద్రపు అడుగంతా ఒకే తీరుగా బురదతో నిండి ఉండదని, ఒక్కొక్క మండలంలో ఒక్కొక్క విధమైన మట్టి పరచుకొని ఉంటుందని ఆ పరిశీలనలు తెలిపినాయి. తరువాతి సంవత్సరాలలో ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకుడు ఎం. సుబ్బారావు ఈ కృషిని కొనసాగించాడు. లోతైన వెలుపలి అంచున, చేప గుడ్లవలె గుండ్రని సున్నపు రేణువులు కనిపించాయి. అటువంటి రేణువులు అలలు కదిలించే వెచ్చని, లోతు తక్కువైన నీటిలోనే ఏర్పడుతాయి. అవి అంత లోతున ఉన్నాయంటే, అవి పుట్టిన నాడు సముద్రమట్టం చాల దిగువన ఉండి ఉండాలి. గత హిమయుగంలో సముద్రమట్టం నేటి కంటే 120 మీటర్ల వరకు తక్కువగా ఉండేదని నేడు ప్రపంచం అంగీకరించిన విషయం. దానికి సాక్ష్యం తెలుగు తీరపు అడుగున కూడ దొరికింది. నేడు జాలరి వల విసిరే చోట ఒకనాడు సముద్రపు ఒడ్డు ఉండేదన్నమాట.

ఒడ్డు నుండి మెల్లగా వాలే అంచు ముగిసిన తరువాత సముద్రపు అడుగు నిటారుగా అగాధంలోనికి దిగుతుంది. ఆ వాలులో కొన్నిచోట్ల లోతైన లోయలు చీల్చుకొని ఉంటాయి. నీటి అడుగున లోయలను తవ్వినదేమిటి? దీనిపై ప్రపంచమంతటా వాదోపవాదాలు సాగినాయి. 1929లో ఉత్తర అట్లాంటిక్‌లోని గ్రాండ్ బ్యాంక్స్ వద్ద భూకంపం వచ్చినప్పుడు, సముద్రపు అడుగున వేసిన తంతి తీగలు ఒకదాని తరువాత ఒకటిగా, పైనుండి కిందికి వరుసగా తెగిపోయాయి. అవి తెగిన వేళలను సరిపోల్చి, బురద నీటి ప్రవాహం ఒకటి వాలు వెంట మహావేగంతో దొర్లిపోయినందువలననే అట్లు జరిగిందని హీజెన్, యూయింగ్ 1952లో వివరించారు. నదులు తెచ్చిన మట్టి అంచున పేరుకొని, ఒకనాడు జారి, లోయల గుండా అగాధానికి పోతుంది. బంగాళాఖాతపు అడుగున సుమారు 3000 కిలోమీటర్ల పొడవున విస్తరించిన మహా అవక్షేపరాశి ఇట్టి ప్రవాహాల వలననే పెరిగింది.

మహదేవన్ దృష్టి అగాధానికే పరిమితం కాలేదు. తీరవాసుల బ్రతుకు ఇసుక కదలికతో ముడివడి ఉన్నది. నైరుతి ఋతుపవన కాలంలో అలలు తీరాన్ని ఏటవాలుగా తాకి, ఇసుకను ఉత్తర దిశకు నెట్టుతాయి. దాని వలన ఓడరేవుల ద్వారాలు పూడుతాయి. ఒకచోట ఒడ్డు పెరిగితే మరొకచోట కోసుకొనిపోతుంది. గోదావరి సంగమానికి ఉత్తరాన ఇసుకదిబ్బ ఎందుకు పెరుగుతున్నదో వివరిస్తూ మహదేవన్, ప్రసాదరావు 1958లో విశ్వవిద్యాలయపు రెండవ సముద్రశాస్త్ర సంపుటిలో వ్యాసం వ్రాశారు. ఆ ఇసుకదిబ్బ కాకినాడ అఖాతానికి అలల తాకిడి నుండి రక్ష. నది తెచ్చిన మట్టిని, అల నడిపిన ఇసుకను లెక్కించకుండ రేవును కట్టరాదని, తీరాన్ని కాపాడలేమని ఇటువంటి పరిశోధనలు బోధించాయి.

ఐతే ఈ కృషికి ఒక హద్దు ఉన్నది. నాటి ప్రతిధ్వని గీత సముద్రపు అడుగు పైముఖాన్ని చూపేది. ఓడ నుండి వదలిన ఇనుప దొప్ప పైపై బురదను మాత్రమే పట్టి తెచ్చేది. గొట్టాన్ని గుచ్చితే మరికొంత లోతు తెలిసేది. దాని కింద ఏ పొర ఎంత మందమున్నదో, పాత నదీమార్గాలు ఎక్కడ పూడిపోయాయో, మట్టి ఎక్కడ జారడానికి సిద్ధంగా ఉన్నదో చెప్పాలంటే, బురదలోనికి చొచ్చుకొనిపోయి తిరిగి రాగల శబ్దం కావాలి. అటువంటి సాధనాలు 1950, 60 దశకాలలో విదేశాలలో రూపుదిద్దుకొన్నాయి. నీటిలో విద్యుత్ మెరుపును పుట్టించేవి కొన్ని; లోహపు పలకను విద్యుత్తుతో తటాలున కదిలించి శబ్దం పుట్టించేవి మరికొన్ని. ఈ రెండవ రకానికి రూపమిచ్చినవారిలో అమెరికాకు చెందిన హెరాల్డ్ ఎడ్జర్టన్ ముఖ్యుడు.

ఆ శబ్దంలో కొంత అడుగును తాకి వెనుదిరుగుతుంది. మిగిలినది లోనికి పోయి, ఇసుక పొర ముగిసి బంకమట్టి మొదలైన చోట మరికొంత వెనుదిరుగుతుంది. ఇట్లు ప్రతి పొర సరిహద్దూ తన ప్రతిధ్వనిని పంపుతుంది. స్థూలమైన శబ్దం లోతుకు పోతుంది కాని సన్నని పొరలను విడదీసి చూపలేదు. సూక్ష్మమైన శబ్దం సన్నని పొరలను విడదీస్తుంది కాని లోతుకు పోకముందే అణగారుతుంది. సెకనుకు 1500 కంపనాలు గల శబ్దానికి నీటిలో తరంగదైర్ఘ్యం ఒక మీటరు. దానిలో నాలుగవ వంతు, అంటే సుమారు 25 సెంటీమీటర్ల మందం గల పొరల వరకు అది విడదీయగలదు. పరిశోధకుడు ఏది కోరితే దేనిని వదలుకోవాలో తెలిసి శబ్దాన్ని ఎన్నుకోవాలి. ఓడ సాగిన మేరకు, కడలి అడుగును కత్తితో నిలువున కోసి చూపినట్లు, పొరల చిత్రం కాగితం మీద వెలుస్తుంది.

ఆ చిత్రాలు బంగాళాఖాతంలో విరివిగా లభించే నాటికి మహదేవన్ లేరు. అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్ర అప్పుడప్పుడే ఊపందుకొంటున్నది. వారు నాటిన శాస్త్రం పెద్ద ఓడల మీద పయనించే రోజు సమీపిస్తున్నది. అటువంటి వేళ, 1962 ఏప్రిల్ 11వ తేదీన, అరువది ఒకటవ ఏడు నిండకముందే వారు కన్నుమూశారు.

రెండేండ్ల తరువాత, 1964లో, వాల్తేరులో వారితో కలిసి పనిచేసిన లాఫాండ్ ఒక వ్యాసం ప్రకటించాడు. ఆంధ్రతీరానికి ఎదురుగా సముద్రపు వాలులో ఉన్న మూడు లోయలను అందులో వర్ణించాడు. ఒకదానికి ఆంధ్ర అని, ఒకదానికి కృష్ణ అని, మరొకదానికి మహదేవన్ అని పేర్లు. ఊరికి, వీధికి, భవనానికి పెద్దల పేర్లు పెట్టడం లోకంలో సాధారణమే. కాని ఏ కంటికీ కనబడని చోట, శబ్దం తప్ప మరేదీ చేరని చోట, ఒక లోయ ఆచార్యుని పేరును మోయడం అరుదైన గౌరవం.

ఆ విత్తనం తరువాత మహావృక్షమైంది. 1966లో జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థ ఏర్పడింది. విశాఖపట్నంలో దానికి ప్రాంతీయ కేంద్రం వెలసింది. 1970 దశకంలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కావలి నుండి ఉడిపి వరకు నేల అడుగుకు ధ్వనితరంగాలను పంపి, కడప శిలాశ్రేణి కింద ఉన్న భూపటలాన్ని పరిశీలించింది. పలకరాయికి జన్మనిచ్చిన ప్రాచీన సముద్రపు గర్భానికి కూడ ఆ విధంగా శబ్దం చేరింది. 2002లో కృష్ణా గోదావరి క్షేత్రపు లోతైన సముద్రంలో సహజవాయువు బయటపడింది. 2006లో అదే క్షేత్రపు అడుగు బంకమట్టిలో మంచువలె గడ్డకట్టిన వాయువు నిక్షేపాలను తవ్వి చూచారు. ఎక్కడ తవ్వాలో ముందుగా చెప్పినవి ధ్వనిచిత్రాలే. బావి తవ్వే చోట అడుగు మట్టి జారుతుందా, పైపొరలలో వాయువు పొంచి ఉన్నదా అని ముందుగా పరీక్షించడం నేడు తప్పనిసరి. ఆ పరీక్షలో పొరపాటు జరిగితే నష్టపడేది యంత్రాలు మాత్రమే కాదు. వేదిక మీద పనిచేసే మనుష్యుల ప్రాణాలు కూడ.

సొంత ఓడ లేని రోజులలో, కాగితం మీది ఒక గీతతో, దొప్పెడు బురదతో మహదేవన్, వారి శిష్యులు ఈ విద్యకు తెలుగు తీరాన శ్రీకారం చుట్టారు. పని పూర్తి కాకముందే ఆచార్యులు వెళ్లిపోయారు. కాని ప్రశ్న మిగిలింది. దానిని అడిగే శిష్యులు మిగిలారు. సముద్రపు అడుగున పొరలు పేరుకొనే తీరు ఇదే. ఏ ఒక్క పొరా తనంతట తాను కొండ కాలేదు. కింది పొర పై పొరను మోస్తుంది. పై పొర కింది దానిని గట్టిపరుస్తుంది. నల్లమల ఛాయలో ఒకనాటి బురద పలకరాయిగా మారి తెలుగు బిడ్డల చేతికి అక్షరంగా అందడానికి వంద కోట్ల ఏళ్లకు పైగా పట్టింది. మహదేవన్ లోయలోనికి నేడు కూడ మట్టి రేణువులు నెమ్మదిగా దిగుతూనే ఉన్నాయి. అవి ఎన్నటికి రాయిగా మారుతాయో, ఆ రాతి మీద ఎవరు ఏమి వ్రాస్తారో కాలమే చెప్పాలి.